మా గిత్తలకో కొత్త బండి

2025 శివరాత్రి వెళ్ళిన మర్నాడు, తెల్లారుజామున నాలుగున్నరకి నాయన ఫోన్. "చిన్నోడు పడిపోయినాడ్రా, లేవడంలా" అన్నాడు. నిద్రమత్తులో మా తమ్ముడనుకున్నా. చెన్నైలో నా రూమ్‌లో లైటేసి, చొక్కా వెతుక్కుంటూ, "ఏ హాస్పిటల్?" అని అడిగా. అవతల రెండు సెకన్లు మాట లేదు. "నీ తమ్ముడు కాదురా, ఎద్దు" అన్నాడు నాయన.

మాది చిల్లకూరు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు మమ్మల్ని తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, ఎవరన్నా అడిగితే అప్పుడు కూడా నెల్లూరనే చెప్పేవాళ్ళం. గూడూరు పక్కనే, ఊరిని ఆనుకునే చెన్నై-కోల్‌కతా హైవే. ఒకవైపు సిలికా ఇసక లారీలు, ఇంకోవైపు రొయ్యల గుంటలు, మధ్యలో నిమ్మతోటలు. మాకు నిమ్మతోట ఉంది. దానికన్నా ఎక్కువగా, మా నాయనకి ఒంగోలు గిత్తల పిచ్చి ఉంది. ఇంట్లో ఒక జత ఉంటుంది, పెద్దోడు, చిన్నోడు. సంక్రాంతి నుంచి ఎండలు ముదిరేదాకా ప్రకాశం, గుంటూరు వైపు ఎక్కడ బండలాగుడు పోటీలున్నా ఆ జతని పికప్‌లో ఎక్కించుకుని బయల్దేరతాడు. ఒంగోలుకే మాకు నూట అరవై కిలోమీటర్లకి పైన.

ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు జరిగింది ఇది. డివైడర్ సందులోంచి రాంగ్ రూట్‌లో ఒక బైకు. నాయన బ్రేకు తొక్కాడు. బైకువాడికి ఏమీ కాలేదు. వెనక చిన్నోడు మాత్రం ముందుకి జారి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. లేవబోతే వెనక కాలు ఫ్లోర్ రేకులోకి దిగిపోయింది. పన్నెండేళ్ళ బండి. పైన చెక్క పరిచాం కాబట్టి కింద రేకు ఎంత తుప్పు పట్టిందో మేం చూసుకోలేదు. మాది సముద్రపు గాలి, దానికి తోడు పన్నెండేళ్ళ ఎద్దుల మూత్రం. డాక్టరు ఎముక విరగలేదన్నాడు, నరం బెణికింది, రెండు నెలలు కట్టు విప్పొద్దన్నాడు. నాయన ఆ రెండు నెలలూ పోటీల ఊసెత్తలేదు. అంతకుముందు ఏటా ఆ రోజుల్లో ఇంట్లో ఉన్న మనిషే కాదు.

"కొత్త బండి కొందాం, నువ్వు కాస్త చూసిపెట్టు" అన్నాడు ఒకరోజు. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌కి ఆ మాట చెప్తే ఏం చేస్తాడు? ఎక్సెల్ షీట్ తెరుస్తాడు.

డాలస్ నుంచి వచ్చిన వీడియో

నిజం చెప్పాలంటే షీట్‌లో మొదటి వరసలో నేను రాసింది పికప్ కాదు, ఒక కల. ఇంజనీరింగ్‌లో నా రూమ్మేట్ ఇప్పుడు డాలస్ దగ్గర ఉంటాడు. గిత్త సంగతి చెప్తే వాడొక వీడియో పంపాడు. టెక్సస్‌లో ఒకామె తన పికప్ వెనక గుర్రాల ట్రైలర్ తగిలించుకుని వెళ్తోంది. ట్రైలర్ ఫ్లోర్ నేలకి జానెడున్నర ఎత్తులో ఉంది. గుర్రం గుమ్మం దాటినట్టు నడిచి లోపలికెళ్ళింది. కర్రతో అదిలించడాలు, నలుగురు తోక పట్టుకుని నెట్టడాలు లేవు. మా వాకిట్లో గిత్తల్ని ఎక్కించే సీను చూసిన ఎవడికైనా ఆ వీడియో చూస్తే ఏడుపొస్తుంది.

అక్కడ పికప్ కొనేవాళ్ళు మొదట చూసేది అది ఎంత బరువు లాగగలదో. ఫోర్డ్ ఎఫ్-150 లాంటివి సరైన ఇంజనూ సరంజామా ఉంటే 13,000 పౌండ్లు, అంటే దాదాపు ఆరు టన్నులు లాగుతాయని కంపెనీయే రాసిస్తుంది. ట్రైలర్ బరువులో పది నుంచి పదిహేను శాతం దాని ముందు కొక్కెం మీద పడేలా సర్దుకుంటారు. అంతకన్నా తగ్గితే వేగంలో ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది, చివరికి పికప్‌ని కూడా తిప్పేస్తుంది. ట్రైలర్‌కి సొంత బ్రేకులుంటాయి, వాటి కంట్రోల్ డ్రైవర్ చేతి దగ్గరే ఉంటుంది.

మనకెందుకు కుదరదు అనుకున్నా. మా ఊరికి గంట దూరంలో శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు పికప్‌లు తయారవుతున్నాయి. వాళ్ళ డీ-మ్యాక్స్ వీ-క్రాస్‌లో 1.9 లీటర్ల డీజిల్ ఇంజను, 163 హార్స్‌పవర్, 360 న్యూటన్ మీటర్ల టార్క్. హైవే మీద అది పక్కనుంచి పోతుంటే తల తిప్పని కుర్రాడుండడు, నాతో సహా. దానికొక ట్రైలర్ చేయించి, వెనక గిత్తలు, ముందు ఏసీలో నాయన. నాలుగు రోజులు అదే ధ్యాస.

ఐదో రోజు కల చెదిరింది. మన మోటారు వాహనాల చట్టంలో ట్రైలర్ కూడా ఒక మోటారు వాహనమే. దానికి రిజిస్ట్రేషన్ విడిగా కావాలి. ఎవరో వెల్డింగ్ షాపులో అతికించిచ్చింది తగిలించుకుని రోడ్డెక్కడం కుదరదు. సరే, రిజిస్ట్రేషన్ చేయించామనుకోండి, అసలు సమస్య బ్రేకులు. మన ఊళ్ళలో ట్రాక్టర్ ట్రాలీలు చూడండి, చాలావాటికి సొంత బ్రేకులే ఉండవు. ట్రాక్టర్ ఇరవైలో పోతుంది కాబట్టి నడిచిపోతుంది. రెండు టన్నుల పికప్ వెనక బ్రేకుల్లేని రెండు టన్నుల ట్రైలర్ కట్టి అరవైలో వెళ్తూ బ్రేకు కొడితే వెనకున్నది ముందున్నదాన్ని తోస్తుంది. ఇక మా సందు మలుపులో ట్రైలర్‌ని రివర్స్ చేయడం గురించి నాయనకి చెప్పనే లేదు.

ట్రైలర్ లేకుండా వీ-క్రాస్ డెక్ మీదే ఎక్కిద్దామంటే దాని పొడవు మీటరున్నర. మా పెద్దోడి మూపురం దాటేసరికే డెక్ అయిపోతుంది.

వరస కొట్టేశా. కానీ ఆ వీడియోలో ఒక్క సంగతి బుర్రలోంచి పోలేదు, జానెడున్నర ఎత్తు ఫ్లోరు.

కాటా మీద గిత్తలు

"ఎంత లాగుద్దిరా ఇది?" ఏ బండి ఫొటో చూపించినా నాయన అడిగే మొదటి ప్రశ్న ఇదే. క్వింటాళ్ళ బండని ఎన్ని అడుగులు లాగింది అనేదాని మీద ఎద్దు విలువ కట్టే మనిషి, బండిని ఇంకెట్టా చూస్తాడు?

నేను అడిగిన ప్రశ్న వేరే. "మన జత ఎంత బరువుండాది నాయనా?" పన్నెండేళ్ళలో ఎవరూ చూడలేదు. చిన్నోడు కోలుకున్నాక ఒక మామ బండి అడుక్కుని, గూడూరు దగ్గర లారీలు తూచే కాటాకి తీసుకెళ్ళాం. గిత్తలతో ఒకసారి, దింపేసి ఖాళీగా ఒకసారి. తేడా 1,310 కిలోలు.

షీట్‌లో దాని కింద మిగతావి రాసుకుంటూ పోయా. ఇనప ఫ్రేము, మధ్య అడ్డం కలిపి 190. చెక్కలు, రబ్బరు మ్యాట్లు 90. గడ్డి, దాణా, నీళ్ళ డ్రమ్ము 140. తోడొచ్చే మనిషి 70. మొత్తం 1,800 కిలోలు.

మా పాత బండి ఆర్‌సీ తీసి లెక్కేశా. దాని మీద వేయాల్సిన బరువు 1,250. అంటే పన్నెండేళ్ళు, ప్రతి ట్రిప్పులో అయిదున్నర క్వింటాళ్ళు ఎక్కువేసి నడిపాం. పట్టీలు రెండుసార్లు మార్పించాం, అదనంగా ఒక ఆకు వేయించాం, అంతా బాగానే ఉందనుకున్నాం. పట్టీకి ఆకు వేస్తే బండి కుంగడం ఆగుతుంది. బ్రేకు మాత్రం కంపెనీ ఇచ్చినదే. ఈ మాట చెప్పినప్పుడు నాయన ఏమీ అనలేదు. లేచెళ్ళి చిన్నోడి కాలు తడిమి వచ్చాడు.

ఆ ఒక్క లెక్కతో సగం బండ్లు షీట్‌లోంచి పోయాయి. 750 కిలోల చిన్న బండ్లు ఎలాగూ రెండు గిత్తలకి పనికిరావు. 1.3 టన్నులవి పోయాయి. 1.7 టన్నులవి వంద కిలోల దగ్గర ఆగిపోయాయి. "వంద కిలోలదేముంది, లాగించేద్దాం" అన్నాడు చిన్నాయన. పాత బండికి కూడా మేం అదే అన్నాం కదా! మిగిలింది రెండు టన్నుల క్లాసు. టాటా యోధా 2.0, మహీంద్రా బొలెరో మ్యాక్స్ పికప్ హెచ్‌డీ 2.0, ఇంకా ముక్కు లేని బడా దోస్త్ లాంటివి. ముక్కు లేనివాటిలో అదే పొడవు బండికి డెక్ ఎక్కువ దొరుకుతుంది, సందుల్లో తిప్పడం సులువు. నాయన ఒప్పుకోలేదు. "ముందర ఇంజనుండాలి. ఏదన్నా గుద్దినా ముందది పోవాల" అన్నాడు. ఇంజనీరింగ్ చదవకపోయినా క్రంపుల్ జోన్ అర్థమైన మనిషి.

పవర్ సంగతికొస్తే యోధా 2.2 లీటర్లు, 100 హార్స్‌పవర్, 250 న్యూటన్ మీటర్లు. బొలెరో మ్యాక్స్‌లో 2.5 లీటర్లు, 80 హార్స్‌పవర్ చుట్టుపక్కల, 220 న్యూటన్ మీటర్లు. కాగితం మీద టాటాదే పైచేయి. కానీ చదునుగా ఉండే మా హైవే మీద గిత్తలతో యాభై దాటి ఎవరూ పోకూడదు, యాభైకి ఈ రెండిట్లో ఏ ఇంజనైనా ఎక్కువే. వేగం 40 నుంచి 60కి పెరిగితే బ్రేకు కొట్టాక ఆగే దూరం ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు అవుతుంది. ఇంటర్‌లో ఫిజిక్స్ సార్ చెప్పినప్పుడు పరీక్ష కోసం రాసుకున్నా. ఇప్పుడు నాయనకి అదే గచ్చు మీద సుద్దముక్కతో గీసి చూపించా. ఆయన చూసినంతసేపు చూసి, "నిలబడిన ఎద్దు బస్తా కాదురా" అన్నాడు. ఆ మాటా నిజమే. బస్తాలు డెక్ మీద అడుగున ఉంటాయి. ఎద్దు బరువంతా నాలుగు కాళ్ళ మీద, మనిషి నడుమంత ఎత్తున ఉంటుంది. మలుపులో అది పక్కకి ఒరిగితే బండి కూడా దానితోనే ఒరుగుతుంది.

రూల్ 125-ఈ, మా నిమ్మకాయలు

అసలు గొడవ ఇక్కడ మొదలైంది.

పశువుల్ని తీసుకెళ్ళే బండ్లకి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 125-ఈ అని ఒకటుంది. 2016 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఒక్కో పశువుకి ఒక్కో గది, శాశ్వతమైన అడ్డంతో. ఆవుకైనా గేదెకైనా తక్కువలో తక్కువ 2 చదరపు మీటర్లు. గుర్రానికి 2.25. గొర్రెకి, మేకకి 0.3. దీనికన్నా ముందే, 1978 నాటి పశు రవాణా నియమాలున్నాయి. ఫ్లోరు జారకుండా పీచు చాపో చెక్కో వేయాలి, పశువుల తలలు వీలైనంతవరకు ఇంజను వైపుండాలి, బండిలో తోడు మనిషుండాలి, ప్రయాణానికి పనికొస్తుందని పశువైద్యుడి సర్టిఫికెట్ ఉండాలి. పోటీలకి తిరిగే ఆసాముల్లో ఇవన్నీ పాటించేవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. మేమైతే ఆ సర్టిఫికెట్ తప్ప ఇంకేదీ పాటించలేదు.

డెక్ లెక్క సులువే. బొలెరో మ్యాక్స్ హెచ్‌డీ డెక్ పొడవు 3,050 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. బాడీ కట్టించాక లోపలి వెడల్పు 1.7 మీటర్లు. నిలువుగా రెండు చేస్తే ఒక్కో గిత్తకి 85 సెంటీమీటర్లు. 2.4 మీటర్ల దగ్గర ముందు అడ్డకర్ర వేస్తే ఒక్కో గది 2.04 చదరపు మీటర్లు. మిగిలిన రెండడుగుల్లో గడ్డి, డ్రమ్ము. గది మరీ పెద్దదైనా మంచిది కాదు. చోటు ఎక్కువైతే బ్రేకు కొట్టినప్పుడు జారే దూరం కూడా ఎక్కువే.

ఇబ్బందేమిటంటే, అదే నిబంధనలో ఇంకో మాట ఉంది. పశువుల కోసం ఉద్దేశించిన బండిలో ఇంకే సరుకూ వేయకూడదు.

పాత పికప్ గిత్తలకి ఏడాదిలో తిరిగింది పదిహేను, ఇరవై ట్రిప్పులు. మిగతా రోజులన్నీ అది గూడూరు నిమ్మకాయల మార్కెట్‌కి బస్తాలు తోలింది, రొయ్యల గుంటలకి మేత తోలింది. బండికి బండి ఖర్చు అదే సంపాదించుకునేది. ఇప్పుడు పది లక్షల చుట్టూ పెట్టి కొని, ఏడాదికి ఇరవై ట్రిప్పులకి వాకిట్లో నిలబెట్టుకోవాలా? చిన్నాయన కోపంలో న్యాయముంది. "అడ్డం బోల్టులతో పెట్టు. పోటీలప్పుడు బిగిద్దాం, మిగతాప్పుడు పీకేద్దాం" అన్నాడు. నేనూ ఒకరోజంతా అదే ఆలోచించా. పీకి పెట్టే అడ్డం శాశ్వతమైనది ఎట్టా అవుద్ది? నిబంధన పక్కన పెట్టినా, అడ్డం అవసరం ఏమిటో చిన్నోడి మోకాలు చూస్తే తెలిసిపోతోంది. పాత బండిలో రెండు ఎద్దుల మధ్య ఉన్నది ఒక తాడు.

రెండో దారి, గిత్తల కోసం అవసరమైనప్పుడు బాడుగ బండి మాట్లాడుకోవడం. నా షీట్ ప్రకారం డబ్బు లెక్కలో ఇదే గెలిచింది, భారీ తేడాతో. నాయనకి చూపించా. ఫోన్ స్క్రీన్ అటూ ఇటూ జరిపి చదివాడు.

"నిమ్మకాయలకి బాడుగ బండి దొరుకుద్ది అబ్బయా. వీటికి దొరకదు. దొరికినా దాని రేకు కింద ఏముందో నాకెట్టా తెలుస్తాది?"

నా షీట్‌లో ఆ కాలమ్ లేదు. నిమ్మకాయలు బాడుగ ఆటోలో, గిత్తలు సొంత బండిలో. ఈఎంఐలో సగం నాది. చిన్నాయన పది రోజులు మాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నాడు, కానీ మార్కెట్‌కి ఆటో బాడుగ కట్టిన ప్రతిసారీ ఆ చీటీ నాకు వాట్సాప్‌లో పంపుతాడు.

ఎక్కించేది ఎట్టా

ఒక రకంగా మేం ఆలస్యం చేయడం కలిసొచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా బండ్ల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. బొలెరో మ్యాక్స్ హెచ్‌డీ తీసుకున్నాం. డెక్ పొడవు ఒక కారణమైతే, ఆ ఇంజను రిపేరు మా చుట్టుపక్కల మెకానిక్కులందరికీ చేతికి అలవాటవడం రెండోది. అర్ధరాత్రి కావలి దాటాక బండి ఆగితే హార్స్‌పవర్ కన్నా అది ముఖ్యం. సెకండ్ హ్యాండ్ కూడా చూశాం గానీ, ఎనిమిదేళ్ళు దాటిన పసుపు బోర్డు బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. పైగా మా నాయన చూసిన ప్రతి పాత బండి కిందకీ దూరి రేకు మీద స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు. మూడో చోట ఓనర్ మమ్మల్ని పొమ్మన్నాడు.

నా కార్ లైసెన్స్‌తో దీన్ని నడపొచ్చా అని చాలామంది అడిగారు. నడపొచ్చు. 7,500 కిలోల లోపు మొత్తం బరువుండే రవాణా బండిని ఎల్‌ఎంవీ లైసెన్స్‌తోనే నడపవచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జిల బెంచి తేల్చింది.

రెండు టన్నుల బండితో ఒక ఇబ్బంది ఉంది, షోరూమ్‌లో ఎవరూ చెప్పరు. పట్టీలు రెండు టన్నులకి తయారైనవి కాబట్టి, ఒక్క గిత్తనే ఎక్కించుకుని వెళ్తే బండి ఎగిరెగిరి పడుతుంది. చిన్నోడిని చెకప్‌కి తీసుకెళ్ళినప్పుడు తెలిసింది. ఇప్పుడు ఒక్కదాన్ని తీసుకెళ్ళాల్సొస్తే, కంపెనీ చెప్పిన పరిధిలోనే టైర్లలో గాలి తగ్గించి, ముప్ఫైలో పోతున్నాం.

బాడీ కట్టించేటప్పుడు నేను పట్టుబట్టింది రెండిటి కోసం. ఫ్లోరుకి గళ్ళ ఇనప ప్లేటు, దాని మీద మ్యాట్లు, మూలల్లో నీళ్ళు పోయే కన్నాలు. మ్యాట్లు పైకెత్తి కడిగేలా ఉండాలి, అంటే కింద ఏముందో ప్రతి ట్రిప్పుకీ కంటికి కనపడాలి. రెండోది ర్యాంప్. డాలస్ ట్రైలర్‌లా జానెడున్నర ఎత్తు మనకి రాదు, మా డెక్ నేలకి 80 సెంటీమీటర్లు. పాత బండికి ఉన్న పలక 1.6 మీటర్లు, అంటే 30 డిగ్రీల వాలు. ఆ వాలులో ఎద్దు ఎక్కదు, దూకుతుంది. దిగేటప్పుడు కూడా దూకుతుంది, ఆ బరువంతా ముందు కాళ్ళ మీద పడుతుంది. 2.4 మీటర్ల ర్యాంప్ పెడితే వాలు 20 డిగ్రీల లోపుకొస్తుంది. అంత పొడవు పలక వెనక డోరుగా నిలబడదు కాబట్టి మధ్యలో మడతపడేలా చేయించాం. వెల్డింగ్ అన్న నన్ను చూసి, "ఇంత లెక్క అవసరమా తమ్ముడూ, ఎద్దులేగా" అన్నాడు.

అన్నట్టు, మన ఒంగోలు జాతి సంతతినే బ్రెజిల్‌లో నెలోర్ అంటారు, మా నెల్లూరు పేరు మీదే. 2023లో అక్కడ వియాటినా-19 అనే ఆవుకి దాదాపు 43 లక్షల డాలర్ల విలువ కట్టారు. దాని బరువు 1,101 కిలోలు. అలాంటివి రెండుంటే మా బండి చాలదు. ఆ ఫొటో చిన్నాయనకి పంపా, ఆటో చీటీలకి బదులుగా. చూశాడు, రిప్లై ఇవ్వలేదు.

బండి ఇంటికొచ్చిన ఆదివారం గిత్తల్ని ఎక్కించి చూద్దామన్నాం. పెద్దోడు ర్యాంప్ దగ్గరికొచ్చి, ఇనుము వాసన చూసి, కాలు పెట్టి, చప్పుడయ్యేసరికి వెనక్కి లాక్కుని, ఆ తర్వాత మామూలుగా నడిచి లోపలికెళ్ళిపోయాడు. ఎవరూ నెట్టలేదు. నేను ఫోన్‌లో వీడియో తీస్తున్నా, డాలస్‌కి పంపాలని.

చిన్నోడు రాలేదు. ర్యాంప్‌కి నాలుగడుగుల దూరంలో ఆగిపోయి, ముక్కుతాడు లాగినా తల అటు తిప్పేశాడు. తమ్ముడు కర్ర అందుకోబోయాడు. నాయన వద్దన్నాడు. లోపలికెళ్ళి రెండు గోనెసంచులు, ఒక మోపు వరిగడ్డి తెచ్చి ర్యాంప్ మీద పరిచాడు. ఇనుము కనపడకుండా చివరిదాకా సర్ది, తను పైకెక్కి డెక్ మీద వాడి గదిలో కూర్చున్నాడు, తలకి చుట్టిన తువ్వాలు విప్పి పక్కన పెట్టుకుని.

"వీడియో ఆపెయ్యరా. టైం పడద్ది" అన్నాడు.

గంటా పది నిమిషాలు పట్టింది.